బ్రేకు మరమ్మతుకు ఇంటి పనిముట్లు

తెలుగు బోధించేవాడికి కారు బ్రేకులతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. ఉర్దూలో ‘ఉస్తాద్’ అనగా గురువు. చదువు చెప్పే పంతులునూ, షెడ్డులోని మెకానిక్కునూ మనవాళ్ళు ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. పాత కారు ఒకటి నా చేతికి వచ్చిన తరువాత ఆ రెండవ ఉస్తాదు వద్ద నేనూ కొంతకాలం శిష్యరికం చేశాను. అక్కడ నేర్చినదానిని ఇక్కడ మనవి చేస్తున్నాను.

పనిముట్టు చేసేముందు బ్రేకు పనిచేసే తీరు తెలియాలి. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ (1623–1662) వివరించాడు. ఆయన గ్రంథం మరణానంతరం 1663లో వెలువడింది. మాస్టర్ సిలిండరు పిస్టను వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు, చక్రం దగ్గరి పిస్టను వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. మొదటిదానిపై పడిన బలం రెండవదాని వద్ద 5 రెట్లు అవుతుంది. అయితే ద్రవం అణగదు, గాలి అణుగుతుంది. గొట్టాలలో గాలి చేరితే మన కాలి బలం ఆ బుడగలను అణచడానికే ఖర్చయిపోతుంది, పెడలు మెత్తబడుతుంది.

ఆ గాలిని తీసే సీసాయే మొదటి పనిముట్టు. పారదర్శకమైన సీసా మూతకు రెండు రంధ్రాలు చేయాలి. ఒకదానిలో నుంచి, చేపల తొట్టెకు గాలి పంపే సన్నని గొట్టాన్ని అడుగుదాకా దింపాలి. రెండవది గాలి పోవడానికి. సీసాలో గొట్టం కొన మునిగేటంత కొత్త బ్రేకు ద్రవం పోసి, రెండవ కొనను చక్రం వద్దనున్న నిపుల్‌కు బిగుతుగా తొడగాలి. ఒకరు పెడలు నొక్కి పట్టగా మరొకరు నిపుల్ వదులు చేయాలి. బుడగలు వస్తాయి. నిపుల్ మళ్ళీ బిగించిన తరువాతనే పెడలు వదలాలి. పై డబ్బాలో ద్రవం ఎన్నడూ అడుగంటరాదు. ఈ సీసాపై ‘విషం’ అని వ్రాసి పిల్లలకు అందనిచోట ఉంచాలి.

రెండవది స్ప్రింగు కొక్కెం. డ్రమ్ము బ్రేకులోని స్ప్రింగులు మిక్కిలి బిగువుగా ఉంటాయి. పాత పేచ్‌కస్ కొనను ఆకురాయితో అరగదీసి చిన్న గాడి చేస్తే స్ప్రింగు కొస అందులో ఇముడుతుంది. కొనను నిప్పులో కాల్చరాదు. ఉక్కు పదును పోతుంది. స్ప్రింగు తీసేటప్పుడు కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

మూడవది పిస్టనును వెనుకకు నెట్టే సాధనం. డిస్కు బ్రేకుకు మందమైన కొత్త ప్యాడ్లు పట్టాలంటే పిస్టను వెనుకకు జరగాలి. వడ్రంగుల జి-క్లాంపును, పిస్టనుపై పాత ప్యాడును అడ్డముంచి, మెల్లగా బిగిస్తే చాలును. హ్యాండు బ్రేకుతో కలిసి ఉన్న కొన్ని వెనుక పిస్టన్లను మాత్రం త్రిప్పుతూ నెట్టాలి. వాటిపై ఈ పద్ధతి ప్రయోగించరాదు.

ఇక హద్దు ఎక్కడ? పనిముట్టు ఇంటిది కావచ్చును. కారు బరువు మోసేదీ, బ్రేకులో ఉండిపోయేదీ ఇంటిది కారాదు. ఇటుకలు పేర్చి కారు నిలపడం ప్రాణాంతకం. ఇటుక చెప్పకుండా పగులుతుంది. జాకీ ఒక్కదానినే నమ్మడమూ అంతే. బరువు పరిమితి ముద్రించిన ఇనుప స్టాండ్లు కొని తీరాలి. ద్రవం కొరతపడితే ఇంజను నూనె పోయడం మరొక పొరపాటు. దానివల్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగరాదు. గాలిలోని తేమను పీల్చిన కొద్దీ ఆ హద్దు 140 వైపు దిగుతుంది. అందుచేత మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బా పనికిరాదు. పాత ప్యాడ్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దానిని నోటితో ఊదక, తడిగుడ్డతో తుడవాలి.

ఒకనాడు నేను తొందరలో గొట్టం కొన ద్రవం పైకి తేలిన సంగతి గమనించలేదు. పని ముగిసిందనుకొని పెడలు నొక్కితే అది నేలను తాకింది. కారు ఇంకా వాకిట్లోనే ఉన్నది గనుక బ్రతికాను. ఉస్తాదు కోపగించలేదు. “సీసా అద్దంలా ఉన్నది నీవు చూడటానికే, పంతులుగారూ” అని మాత్రం అన్నాడు. మొదటినుంచి మళ్ళీ చేయించాడు. అప్పటినుంచి బండి కదిలించకముందే పెడలు గట్టిపడేదాకా నొక్కి చూడటం, తరువాత ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి పరీక్షించడం, చివరకు అనుభవజ్ఞునికి చూపించడం నాకు నియమమైంది. బ్రేకు తప్పితే నష్టపోయేది మనమొక్కరమే కాదు, దారిన పోయేవారు కూడా.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. పాత బ్రేకు డ్రమ్ము ఒకటి, పాత మాస్టర్ సిలిండరు ఒకటి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితే పాస్కల్ సూత్రం విద్యార్థికి పుస్తకంలోని వాక్యంగా మిగిలిపోదు. విప్పి చూపడానికి షెడ్డు నుంచి ఒక ఉస్తాదును ఆహ్వానిస్తే ఆ గౌరవపదానికి గల రెండు అర్థాలూ ఒకే గదిలో కలుసుకుంటాయి.