కాసేపటికే ఆగిపోయే బోటు మోటారు

ప్రశ్న: మైలవరం జలాశయంలో చేపల వేటకు పాత టూ-స్ట్రోక్ బోటు మోటారు వాడుతున్నాం. స్టార్టవుతుంది, ఐదు నిమిషాలకే ఆగిపోతుంది. ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: చేసుకోవచ్చండీ. ముందే ఇంజను విప్పొద్దు. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి మర చూడండి. అది బిగిసి ఉంటే లోపలికి గాలి పోదు, కాసేపటికి పెట్రోలు రావడం ఆగిపోతుంది. పైపు మధ్యలోని రబ్బరు బుడ్డి లోపలికి నొక్కుకుపోయి ఉంటే లోపం ట్యాంకు వైపే. చాలాసార్లు ఇంతటితోనే పని తీరిపోతుంది.

అప్పటికీ ఆగితే కార్బురేటర్ విప్పండి, ఆరుబయటే, బీడీ మంట దగ్గర లేకుండా. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీలుస్తుంది; నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురై జెట్‌ను మూసేస్తుంది. తీగతో పొడిస్తే ఆ సన్నని రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. ప్రొద్దుటూరులో బైకు మెకానిక్ ఎవరైనా ఈ పని చేయగలడు.

దయచేసి ఒకటి మరవొద్దు: మోటారు కింది భాగం డ్రమ్ము నీళ్లలో మునగకుండా స్టార్టు చేయకండి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో పాడవుతుంది. నడుస్తుండగా వెనక సన్నని నీటి ధార కనిపించాలి. రాకపోతే వెంటనే ఆపేసి, ముందు ఆ ఇంపెల్లర్ మార్చండి.