గోడ మీది మేకు గుంత ఎవరి ఖాతాలో?

బొల్లారంలో అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు సామాను లారీకెక్కించడం ఒక ఎత్తు, అడ్వాన్సు రాబట్టుకోవడం ఒక ఎత్తు. సైన్యంలో, రైల్వేలో పనిచేసే కుటుంబాలు బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయే చోటు ఇది. తాళాలిచ్చే పూట ఓనరు గది గదీ తిరిగి చూస్తాడు. హాల్లో మేకు గుంతలు, బాత్రూం కుళాయికి తెల్లటి పొర, వంటింటి గోడకు జిడ్డు. పెయింటింగుకు ఇంత, రిపేర్లకు ఇంత అని లెక్క కడతాడు. మేం దిగేనాటికే ఇల్లు ఇలా ఉందంటారు అద్దెకున్నవాళ్లు. రుజువు ఎవరి దగ్గరా ఉండదు.

ఈ తగాదాకు చట్టం 1882లోనే ఒక గీత గీసింది. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్, ఎం క్లాజు ప్రకారం, ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నారో ఆ స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదల, మనిషి ఆపలేని ప్రకృతి శక్తుల వల్ల జరిగిన మార్పు ఆ లెక్కలోకి రావు. అద్దెకున్నవాళ్ల చేతుల మీదుగా ఏదైనా పాడైతే ఓనరు మధ్యలోనే వచ్చి చూసుకుని నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన మూడు నెలల్లో దాన్ని బాగు చేయించాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఈ నియమాలు వర్తిస్తాయని అదే సెక్షన్ మొదట్లో ఉంది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంట్లే ఎక్కువ. పాత నమూనాను జిరాక్సు తీసి సంతకాలు పెట్టేస్తారు. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగు కింద పోతుందన్న వాక్యం అందులో ఉంటే, సంతకం చేసిన వాళ్లకు దాని నుంచి బయటపడటం కష్టం. ‘ఏ నష్టం జరిగినా అడ్వాన్సు మొత్తం జప్తు’ అని రాసుకున్నా సరే, ఓనరు దాన్నంతా అట్టే పెట్టుకోలేడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైన పరిహారమే దక్కుతుంది. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

మరి ఏది అరుగుదల, ఏది నష్టం? మచ్చ ఎంత పెద్దదన్నది కాదు, ఎందుకు వచ్చిందన్నది చూడాలి. ఎండకు వెలిసిన రంగు, మంచం ఆనిన చోట గోడకు పడిన గీత, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయిన తలుపు, క్యాలెండరుకు కొట్టిన ఒకటి రెండు మేకులు సాధారణంగా అరుగుదలే. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గీజరు కాయిల్ పోతే అది నీటి గుణం. పునాది నుంచి చెమ్మ ఎక్కి గోడ పెచ్చులూడితే అది కట్టడం లోపం. రోలు జారిపడి పగిలిన టైలు, టీవీ కోసం డ్రిల్లు చేసి పెచ్చు లేపేసిన గోడ, అడక్కుండా ఏసీ పైపుకు వేసిన రంధ్రం, కుక్క గీరిన తలుపు మాత్రం అద్దెకున్నవాళ్ల ఖాతాలోకే పోతాయి. వంటింటి గోడ కాస్త మసకబారడం మామూలే. ఏళ్ల తరబడి తుడవక అట్ట కట్టిన జిడ్డు మామూలు కాదు.

ఊరుకుని చూడటం కూడా తప్పే అవుతుంది. 1928లో ఇంగ్లండులో హాస్కెల్ వర్సెస్ మార్లో కేసులో న్యాయమూర్తి టాల్బట్ దీన్నే ఇంటి కప్పు ఉదాహరణతో చెప్పారు. కాలక్రమంలో కప్పు మీది పలక ఒకటి జారిపోతే ఆ పలకకు నివాసి బాధ్యుడు కాడు. కానీ ఆ సందులోంచి వాన కురుస్తున్నా పట్టించుకోక, లోపలి చెక్క కుళ్లిపోతే బాధ్యుడే. పైపు కారుతోందని ఓనరుకు చెప్పకుండా ఆరు నెలలు గిన్నె పెట్టి నెట్టుకొచ్చిన వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చెప్పినా ఓనరు కదలకపోతే, చేయించాల్సిన బాధ్యత అతనిదైన రిపేరును నోటీసిచ్చి, తగిన గడువు చూసి తామే చేయించుకుని, ఖర్చును అద్దెలో మినహాయించుకునే హక్కు 108వ సెక్షనే ఎఫ్ క్లాజులో ఇచ్చింది.

నష్టం నిజమే అయినా కొత్త వస్తువు ఖరీదు మొత్తం అడగడం న్యాయం కాదు. గోడ రంగు అయిదేళ్లు నిలుస్తుందనుకుందాం. నాలుగేళ్లున్న ఇంట్లో పిల్లలు గోడంతా క్రేయాన్లతో గీశారు. ఆ రంగుకు మిగిలిన ఆయుష్షు ఏడాదే కాబట్టి ఓనరు కోల్పోయింది అయిదో వంతు. రూ. 20,000 పనికి రూ. 4,000 అడిగితే సబబు.

బొల్లారంలో చాలా భాగం సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలోది. కంటోన్మెంట్లలో అద్దె నియంత్రణ మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానికి కాదు, పార్లమెంటుకే ఉందని ఇందూ భూషణ్ బోస్ కేసులో 1969లో సుప్రీంకోర్టు తేల్చింది. ఖాళీ చేయించే కేసుల్లో ఈ తేడా ముఖ్యం. గోడలు, కుళాయిల పంచాయితీ మాత్రం అగ్రిమెంటుతో, 1882 చట్టంతో తేలేదే. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. వేరే ఒప్పందం లేకపోతే సున్నం, తలుపుల పెయింటు, వైరింగు ఓనరు పని అనీ, స్విచ్చులు, కుళాయి వాషర్లు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల పని అనీ పంచింది. అది నమూనాయే, దానంతటదే అమలు కాదు. అయినా అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఆ జాబితాను చేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

కాలిఫోర్నియాలో ఇల్లు ఖాళీ చేసిన 21 రోజుల్లో, దేనికెంత కోశారో పద్దు రాసిచ్చి మిగతా డిపాజిట్టు తిరిగివ్వాలి. 2025 నుంచి ఫొటోలు తీయడం కూడా అక్కడి ఓనర్ల బాధ్యత. ఇక్కడ ఆ పని ఇద్దరూ కలిసి చేసుకోవాలి. దిగిన రోజే ప్రతి గది వీడియో తీసి, ఉన్న లోపాలు కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, వాట్సాప్‌లో పంపుకుంటే చాలు. నష్టం జరిగిందన్నవాళ్లే దాన్ని రుజువు చేయాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 104వ సెక్షన్ సారం అదే. ఫోన్లోని ఫొటోలను కోర్టుకు ఇచ్చేటప్పుడు 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

అడ్వాన్సు రాకపోతే ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, కోతల పద్దు, బిల్లులు అడగాలి. దావాకు మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. కోర్టుకెళ్లే ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే, ఫీజు లేకుండా లోక్ అదాలత్ ముందు రాజీకి వీలుంటుంది. అక్కడ కుదిరిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. వివరాలకు 15100కు ఫోన్ చేయవచ్చు.