ఇన్నేళ్లూ వెతికింది వృథాయేనా?

సమస్య

నాకు 59 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పాతికేళ్లుగా ధ్యాసంతా ఆత్మవిచారం మీదే. ఏటా కార్తీక పౌర్ణమికి అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేస్తాను. రోజూ తెల్లవారుజామున కూర్చుని, రమణ మహర్షి చెప్పినట్టు ‘నేనెవరు?’ అని విచారిస్తాను. కాసేపటికే ‘నిన్నటికన్నా ఇవాళ మనసు నిలిచిందా?’ అనే లెక్క మొదలవుతుంది. ఈమధ్య ఒక సత్సంగంలో ‘వెతుకులాటే అడ్డు, మానేయండి’ అన్నారు. మానేశాను. ఇప్పుడు సరిగ్గా మానేశానా లేదా అని చూసుకుంటున్నాను!

మొన్న మా ఆవిడకు మోకాలి చిప్ప మార్చారు. రాత్రి నొప్పితో మూలుగుతుంటే ‘ఈ దేహం నువ్వు కాదు’ అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఇన్నేళ్ల సాధన వృథాయేనా? నా అహంకారం ఎందుకు పోవడం లేదు?

– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

సలహా

ముందు మీ ఆవిడ సంగతి. ఆ రాత్రి ఆవిడకు కావలసినవి టైముకు మాత్ర, మోకాలికి ఐసు బ్యాగు, బాత్రూం దాకా పట్టుకునే చెయ్యి. మీరు కొలిచే రమణ మహర్షి ఏం చేశారో గుర్తుచేసుకోండి. 1914లో తల్లి అలగమ్మకు జ్వరం ముదిరితే దగ్గరుండి చూసుకున్నారు. ఆమెకు నయం కావాలని అరుణాచలేశ్వరుణ్ణి వేడుకుంటూ పద్యాలు అల్లారు. 1922లో ఆమె చివరి రోజున ఒక చెయ్యి గుండె మీద, మరొకటి తల మీద ఉంచి పక్కనే కూర్చుండిపోయారు. దేహం నేను కాదని తెలిసినాయనే ఇదంతా చేశారు.

మిమ్మల్ని అలసటకు గురిచేసింది ఆత్మవిచారం అనుకోను. పాస్‌బుక్కులో జమ చూసుకున్నట్టు పొద్దున్నే మనసును తిరగేసి చూసుకోవడమే మిమ్మల్ని అలసిపోయేలా చేసింది. వెతకడం మానేశాక కూడా ఆ తిరగేయడం ఆగలేదు. ముందు దాన్ని ఆపండి. కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, లేవాలనిపిస్తే లేవండి. ఎలా జరిగిందని అడగకండి.

ఇక అహంకారం మాట. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తపస్సంటే ఏమిటో తేలక 1907లో అరుణాచలంలోని విరూపాక్ష గుహకు వెళ్లి మహర్షినే అడిగారు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో గమనించడమే తపస్సన్నది ఆయన జవాబులోని సారం. ఆ నేనును పట్టుకుని తరిమెయ్యమని అక్కడ లేదు. మీరు పాతికేళ్లుగా తరుముతున్నారు. తరిమేవాడు కూడా అదే నేను కదండీ, ఎక్కడికి పోతాడు?

అదీగాక ఇప్పుడు మీకు ఆ ‘నేను’తో పనుంది. ‘ఆ రాత్రి నేను అలా అనకుండా ఉండాల్సింది’ అని ఆవిడకు చెప్పాలి. నేనే లేనన్నవాడు క్షమాపణ ఎలా అడుగుతాడు?

పాతికేళ్లూ వృథా కాలేదు. గంటల తరబడి కదలకుండా కూర్చోగల ఓపిక మీకు అబ్బింది, అది అందరికీ ఉండదు. ఆ ఓపికతో మంచం పక్కన కూర్చోండి. ఫిజియోథెరపీ వ్యాయామాలు దగ్గరుండి చేయించండి. ఒక్క జాగ్రత్త: ఆకలి, నిద్ర తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకపోతే దాన్ని వైరాగ్యమనుకుని ఊరుకోకండి. సైకియాట్రిస్టును కలవండి.

ఈసారి కార్తీక పౌర్ణమికి అరుణాచలం వెళ్లకండి. ఆవిడ మెట్లు దిగే స్థితికి వచ్చాక, వస్తానంటేనే ఇద్దరూ వెళ్లండి. గిరి చుట్టూ 14 కిలోమీటర్లు నడవక్కర్లేదు, ఆటోలో చుట్టి రావచ్చు.