నాదానికి రూపం: సంగీత విద్వాంసుల ఛాయాచిత్రణం

సంగీతం శ్రవణేంద్రియానికి సంబంధించిన కళ. ఛాయాచిత్రణం నేత్రానికి సంబంధించినది. ఛాయాచిత్రంలో స్వరం లేదు, లయ లేదు. క్షణంలో నూరవ వంతు మాత్రమే అందులో నిలుస్తుంది. అట్టి సాధనంతో గాయకుని, వాద్యకారుని పట్టుకొనుట ఎట్లు అన్నది ఈ వ్యాసంలో మేము విచారింపదలచిన విషయం. ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్న ఈ రోజులలో, వార్షికోత్సవంలో ఖవ్వాలీ మొదలైన వెంటనే నూరు చేతులు పైకి లేస్తాయి. అందులో నిలువదగిన చిత్రాలు రెండో మూడో. కనుక ఈ విచారణ నిష్ప్రయోజనం కాదని మా నమ్మకం.

మొదట వెలుతురును గూర్చి. అమెరికా జాజ్ సంగీతకారుల చిత్రాలకు ప్రసిద్ధుడైన హెర్మన్ లియోనార్డ్ 1948లో న్యూయార్క్ నగరంలో స్టూడియో తెరచాడు. రుసుము చెల్లించి క్లబ్బులలో ప్రవేశించే స్తోమత లేక, యజమానులకు తన చిత్రాల ప్రతులు ఇచ్చి, బదులుగా లోనికి అనుమతి సంపాదించేవాడు. ఆ ఏడాదే రాయల్ రూస్ట్ అనే క్లబ్బులో డెక్స్టర్ గార్డన్ అనే శాక్సొఫోన్ విద్వాంసుని తీసిన చిత్రంలో సిగరెట్టు పొగ మేఘం వలె లేచి, వెనుక నుండి పడిన వెలుగులో తెల్లగా మెరుస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు. పొగలోని సూక్ష్మకణాలు తమపై పడిన కాంతిని వెదజల్లుతాయి. దీపం వెనుక నుండగా, ఎదురుగా నిలిచిన మనకు ఆ కాంతి అధికంగా చేరుతుంది. అదే దీపం కెమెరా పక్కన ఉన్నచో పొగ వెలవెలబోతుంది, ముఖం చదునుగా కనబడుతుంది. మన ఉరుసులలో ఊదుబత్తి పొగ లేచే చోట ఈ సూత్రాన్నే పరీక్షించి చూడవచ్చు. కెమెరాకు అమర్చిన ఫ్లాష్ మాత్రం వద్దు. అది వేదికపై గల వెలుగునంతటినీ చంపివేస్తుంది, పాడేవాని ఏకాగ్రతను కూడా.

వేదిక వెనుక చీకటి, ముందు తెల్లని షేర్వాణీపై దీపపు వెలుగు ఉన్నప్పుడు కెమెరా మోసపోతుంది. చీకటినంతా లెక్కించి వెలుగు చాలదని భావించి, ముఖాన్ని సున్నం కొట్టినట్లు చేస్తుంది. అందుచేత కొలత ముఖం నుండే తీసుకొనవలె. గాయకునికి 125వ వంతు సెకను చాలును. తబలా వాయించే వేళ్లు స్పష్టంగా రావలెనన్న 500వ వంతు కావలె. అయితే వేళ్లు కొంత అలుక్కుపోయి, ముఖం మాత్రం నిశ్చలంగా ఉన్న చిత్రంలోనే లయ ఎక్కువగా తెలుస్తుందని మా అభిప్రాయం. అందుకు 30వ వంతు సరిపోతుంది. నేటి వేదికలపై వేసే చిక్కని ఎరుపు దీపాల వెలుగులో ముఖరేఖలు మాసిపోతాయి. రంగు మారేదాకా వేచి ఉండుటే మంచిది.

ఈ లెక్కలన్నీ కొద్దిరోజుల సాధనతో వస్తాయి. సులభంగా రానిది వినుట. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయార్థం జరిగిన కచేరీలో పండిత రవిశంకర్, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ వాద్యాలను శ్రుతి చేసుకొనగా, అదే సంగీతమనుకొని సభికులు కరతాళధ్వనులు చేశారు. శ్రుతి చేయుటే ఇంతగా నచ్చితే వాద్యం మరింత నచ్చగలదని రవిశంకర్ చమత్కరించారు. కెమెరా పట్టినవాడు ఆ సభికుల స్థితిలో ఉండరాదు. ప్రధాన విద్వాంసుడు, తబలా విద్వాంసుడు సమం మీద కలిసే క్షణంలో ఇద్దరి తలలు లేస్తాయి, చూపులు కలుస్తాయి. తాళం తెలిసినవాడు ఆ క్షణానికి ముందే సిద్ధంగా ఉంటాడు. తెలియనివాడు అది గడచిన తరువాత మీట నొక్కుతాడు. ఖవ్వాలీలో ఒకే పాదాన్ని మరల మరల పాడే తక్రార్ ఫోటోగ్రాఫరుకు వరం వంటిది. మొదటిసారి తప్పిన చేయి, మూడవసారి అదే చోట లేస్తుంది.

త్యాగరాజస్వామి ఆరాధన జరిగే తిరువయ్యారులో సమస్య వేరు. పుష్య బహుళ పంచమి నాడు అక్కడ వందలాది విద్వాంసులు బారులు తీరి కూర్చొని, పంచరత్న కృతులను ఏకకంఠంగా పాడుతారు. అక్కడ నాయకుడంటూ ఒకడు లేడు. ప్రసిద్ధుని ముఖం ఒక్కటే వెదకి తీసినవాడు ఆ సభను తీయనట్లే.

ఇక కూర్చుండబెట్టి తీసే చిత్రాలు. 1946లో ఆర్నాల్డ్ న్యూమన్ అనే ఫోటోగ్రాఫరు స్వరకర్త స్ట్రావిన్‌స్కీని పియానో పక్కన చిత్రించాడు. చిత్రంలో అధికభాగం పియానో యొక్క నల్లని మూతదే. మనిషి ఒక మూలన చిన్నగా ఉంటాడు. కోరి తీయించిన పత్రికయే దానిని తిరస్కరించింది. నేడది ఆయన చిత్రాలలో అగ్రగణ్యం. 1954లో కెనడా వాసి యూసుఫ్ కార్ష్, చెల్లో విద్వాంసుడు పాబ్లో కజాల్స్‌ను ఫ్రాన్సులోని ఒక పురాతన మఠంలో వెనుక నుండి చిత్రించాడు. ఎత్తైన చిన్న కిటికీ, రాతిగోడ, వాయిస్తున్న మనిషి వీపు. అంతే. బోస్టన్ ప్రదర్శనశాలలో ఒక వృద్ధుడు నిత్యం ఆ చిత్రం ముందు నిలబడేవాడట. కారణమడిగిన ఉద్యోగితో, సంగీతం వింటున్నాను, మాట్లాడవద్దని విసుగుకొన్నాడని కార్ష్ స్వయంగా చెప్పుకొన్నాడు. కార్ష్ వద్ద ఒక సంవత్సరం శిష్యరికం చేసిన లియోనార్డ్ అంతకుముందే, 1948లో, మరొక అడుగు వేశాడు: లెస్టర్ యంగ్ అనే శాక్సొఫోన్ విద్వాంసుని టోపీ, వాద్యపుపెట్టె, పొగలు చిమ్ముతున్న సిగరెట్టు మాత్రమే తీసి, మనిషిని విడిచిపెట్టాడు. చూచినవారు మనిషిని గుర్తుపట్టారు.

విద్వాంసుని అనుమతి విషయం కూడా చెప్పవలసి ఉన్నది. పాశ్చాత్య కచేరీలలో మొదటి మూడు పాటల వరకే, అదీ ఫ్లాష్ లేకుండా, ఫోటోగ్రాఫర్లను అనుమతించే ఆచారం కలదు. మనవద్ద అట్టి కట్టుబాటు అరుదు గనుక మర్యాద మనమే పాటింపవలె. మరొక లోపం, చిత్రం కింద ప్రధాన గాయకుని పేరు మాత్రమే వేసి, చప్పట్లు కొట్టిన ఖవ్వాలీ సహచరులను, హార్మోనియం, ఢోలక్ కళాకారులను ‘బృందం’ అని సరిపెట్టుట. ఇరువది ఏండ్ల తరువాత వారి మనుమలు ఆ చిత్రాన్ని వెదకుతూ వస్తే చూపుటకు మనవద్ద పేరు ఉండదు.

2005 ఆగస్టులో కత్రీనా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచినప్పుడు లియోనార్డ్ ఇల్లు నీట మునిగి, సుమారు 8 వేల ప్రతులు నాశనమయ్యాయి. నెగటివ్‌లను ఒక మ్యూజియంలో భద్రపరచి ఉండుట వలన అవి మిగిలాయి. ఫోను పోయిన నాడు మన చిత్రాలకు అట్టి రెండవ చోటు లేదు. ప్రతి ఉత్సవం నుండి పది చిత్రాలు ఎంచి, అచ్చు తీయించి, వెనుక కళాకారులందరి పేర్లు, తేదీ ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఉంచుటకు గ్రంథాలయంలో బీరువా అర ఒకటి కేటాయింపవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాము.