పేలుడు బొమ్మకు రంగులు వేయడం ఎలా?

పిల్లలూ! మీకు నచ్చిన బొమ్మ వేయమంటే మీలో చాలామంది కంప్యూటర్ గేమ్‌లోని పేలుడే వేస్తారు. చుట్టూ మొనలున్న నక్షత్రం, లోపల ఎరుపు, అంచున పసుపు! దిద్దేటప్పుడు మాకు రంగులు తిరగబడినట్టు కనిపిస్తాయి. వేడి బాగా ఎక్కువగా ఉన్నచోట తెలుపు, తరువాత పసుపు, నారింజ, చల్లబడేచోట ఎరుపు, ఆపైన నల్లటి పొగ. ఇదీ వరుస. అందుకని నడిమధ్యన ఏ రంగూ వేయకుండా తెల్ల కాగితాన్ని అలాగే వదిలేయండి. చేయి ఊరుకోదు, అయినా వదిలేయండి.

ఇప్పుడు కాగితాన్ని నాలుగు గళ్ళు వచ్చేలా మడవండి. గేమ్‌లు చేసే చిత్రకారులు కూడా పేలుడును వరుస బొమ్మలుగా వేసి, వేగంగా ఒకదాని తరువాత ఒకటి చూపిస్తారు. మొదటి గడిలో మెరుపు మాత్రమే. దాని ముందు ఇల్లు, చెట్టు నల్లగా కనబడాలి. రెండో గడిలో నిప్పుముద్ద, కాలీఫ్లవర్‌లా ఉబ్బెత్తుగా. నిప్పు వైపున్న గోడలకు పసుపు, అవతలి వైపు చీకటి. మూడో గడిలో పొగ నిప్పును మింగేస్తుంది. నిప్పు తగిలే పొగకు కాస్త నారింజ అద్దండి. రవ్వలు చిచ్చుబుడ్డి రవ్వల్లా వంగి నేలకు దిగాలి. (చిచ్చుబుడ్డి చూడనివాళ్ళు అమ్మానాన్నలను అడగండి. ఇక్కడ పెద్ద బాణసంచా మామూలుగా డిసెంబరు 31, జనవరి 1 తేదీల్లోనే కాల్చనిస్తారు కనుక మన దీపావళికి కాకరపువ్వొత్తులతోనే సరి!)

నాలుగో గడిలో ఏం వేయాలి? దానికి మేము తరగతిలో ఒక నిజం సంగతి చెప్పాం. 2012 ఆగస్టు 28 రాత్రి మ్యూనిక్‌లోని ష్వాబింగ్‌లో, రెండో ప్రపంచయుద్ధం నాటి 250 కిలోల బాంబును నిపుణులు ఉన్నచోటే పేల్చేశారు. దాని ఫ్యూజును విప్పడానికి వీలు కాలేదు. చుట్టుపక్కలవారిని ముందే ఖాళీ చేయించడంతో ఎవరికీ గాయాలు కాలేదు. కాని పేలుడు దెబ్బ తగ్గించడానికి పేర్చిన గడ్డి అంటుకుంది, చుట్టూ ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలాయి. గేమ్‌లో అయితే మళ్ళీ మొదలుపెడితే అద్దాలన్నీ వచ్చేస్తాయి కదా!

అందరూ బూడిదరంగు పొగ వేశారు. ఒక పాప మాత్రం మెట్లమీద గాజుపెంకులు ఊడుస్తున్న మామ్మను వేసింది. నిప్పు లేదు, పొగ లేదు. అది పేలుడు బొమ్మే కాదని మిగతావాళ్ళు గొడవపడ్డారు. మేము ఆ కాగితాన్నే తరగతి గోడకు అంటించాం.