మాలిమి, బెంగ

"అటాచ్‌మెంట్" అన్న మాటకి తెలుగేమిటని పెద్ద తరగతి పిల్లలు అడిగితే నిఘంటువులో అనుబంధం, మమకారం దొరుకుతాయి. ఇళ్ళలో వాడే మాట ఇంకొకటుంది: మాలిమి. పసిబిడ్డ ఎవరు ఎత్తుకుంటే ఏడుపు మానుతుందో వారికి మాలిమి అయినట్టు. ఆ మనిషి దూరమైతే పట్టుకునేది బెంగ.

దీన్ని శాస్త్రంగా మలిచినవారు జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు. ఆయన్ని పెంచిన ఆయా, ఆయనకి నాలుగేళ్ళు నిండకముందే వెళ్ళిపోయిందట. ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాప మీద 1952లో ఒక డాక్యుమెంటరీ తీశారు. అలాంటి పిల్లల్లో ఆయన గమనించింది ఇది: మొదట గుక్కపట్టి ఏడుస్తారు, తర్వాత నీరసించి మూల కూర్చుంటారు, చివరికి బాగానే ఆడుకుంటున్నట్టు కనిపిస్తారు. "అలవాటు పడ్డారు" అనుకుంటాం. తల్లి వచ్చినప్పుడు మొహం తిప్పేసుకుంటారు!

ఇది మనకి కొత్త కాదు. ఉద్యోగాలు, వీసాలు, డే కేర్ ఖర్చు వల్ల చాలామంది ఏడాది నిండని బిడ్డని అమ్మమ్మ దగ్గర ఉంచి, రెండు మూడేళ్ళకి తెచ్చుకుంటారు. బిడ్డ దగ్గరికి రాదు. తల్లి రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతికి "రియాక్టివ్ అటాచ్‌మెంట్ డిజార్డర్" అన్న పేరు పట్టుకుని హడలిపోతుంది.

నేను ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి, డాక్టర్ని కాను. కానీ ఆ జబ్బు నిర్వచనం చదివితే తేడా తెలుస్తుంది. తీవ్రమైన నిరాదరణలో పెరిగిన పిల్లలకి, అదీ అరుదుగా, వచ్చేది అది. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలతో 2000లో బుఖారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలైంది. వాళ్ళలో సగం మందిని పెంపుడు ఇళ్ళకి పంపితే, మాలిమి విషయంలో రెండేళ్ళలోపు వెళ్ళినవారు ఎక్కువగా కోలుకున్నారు. దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ పోకపోవడం ఆ జబ్బు లక్షణం. ముక్కూమొహం తెలియని వాళ్ళ వెంట జంకు లేకుండా వెళ్ళిపోవడాన్ని 2013 నుంచి వేరే జబ్బుగా లెక్కిస్తున్నారు. ఇవి కనిపిస్తే, మాటలు వెనక్కి పోయినా సరే, పిల్లల డాక్టరుకి చూపించాలి. బిడ్డని బలవంతంగా అదిమిపట్టే "చికిత్స"ల జోలికి మాత్రం పోవద్దు. 2000లో కొలరాడోలో అలాంటి దానిలో పదేళ్ళ పాప ప్రాణం పోయింది.

అమ్మమ్మ కోసం ఏడ్చే పిల్లకి మాలిమి కావడం తెలుసు, అందుకే ఆ బెంగ. మీకూ అవుతుంది, నెలలు పట్టచ్చు. వీలైతే అమ్మమ్మని కూడా తీసుకురండి, ఆవిడ ఉండగానే స్నానం, అన్నం మెల్లగా మీ చేతుల్లోకి తీసుకోండి. ఆవిడ వెళ్ళిన వారమే డే కేర్‌లో వేయకండి. ఏడుస్తుందని ఫోను మాన్పించకండి. "నేనే మీ అమ్మని" అని గదమాయించడం అసలొద్దు. అమ్మమ్మ పాత చీర ఒకటి పక్కమీద ఉండనివ్వండి, కొన్నాళ్ళు ఉతక్కుండా.