రొంగెలాప్ దీవిలో పళ్ళెందుకు చూశారు?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్నదే దివిసీమ. మా శ్రీకాకుళం వైపు పిల్లలకు దీవి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అక్కడివారు తినేదీ తాగేదీ చాలావరకు ఆ నేలా నీరూ ఇచ్చినదే. ఈ మాట గుర్తుంచుకొని పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులకు రండి.

1954 మార్చి 1న అమెరికా అక్కడి బికినీ పగడపు దీవిలో హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని శక్తి 15 మెగాటన్నులు. అనుకున్నదానికి రెండు రెట్లకు పైనే! కొద్ది గంటల్లో, సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న రొంగెలాప్ మీద తెల్లని బూడిద రాలింది. పేలుడు వేడికి పొడిపొడి అయిన పగడపు రాయి అది. రేడియోధార్మిక పదార్థాలను మోసుకొచ్చింది. ఏమీ తెలియని పిల్లలు అందులో ఆడుకొన్నారు. తర్వాత వాంతులు, ఒంటిమీద కాలిన పుండ్లు, జుట్టు ఊడిపోయింది. రెండు రోజులకు గాని వారిని అక్కడినుంచి తరలించలేదు.

ఆ తరువాత బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల వైద్యులు ఏటేటా వచ్చి వారిని పరీక్షించేవారు. రక్తకణాలు లెక్కపెట్టారు, పిల్లల ఎత్తు కొలిచారు, పళ్ళు కూడా చూశారు. పళ్ళెందుకు? మీ ఆవర్తన పట్టిక తీయండి. కాల్షియం కిందనే స్ట్రాన్షియం ఉంది. గుణాల్లో పోలిక ఉండటంవల్ల శరీరం స్ట్రాన్షియం–90ని కూడా కాల్షియంలాగే ఎముకల్లో, పళ్ళలో దాచుకొంటుంది. అందులో సగం తరగడానికి సుమారు 29 ఏళ్ళు పడుతుంది. అయితే పుచ్చుపన్ను కనబడగానే నేరం రేడియేషన్‌మీద వేయకూడదు. పంచదార తిన్నా పళ్ళు పుచ్చుతాయి కదా! అందుకే, బూడిద రాలిననాడు దీవిలో లేనివారినీ పరీక్షించి పోల్చి చూశారు.

అసలు దెబ్బ మాత్రం గొంతులో బయటపడింది. అయొడిన్–131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది. కొద్ది నెలల్లో దాదాపు మాయమవుతుంది. కాని ఆలోగానే థైరాయిడ్ గ్రంథి దాన్ని పీల్చుకొంది. పిల్లల గ్రంథి చిన్నది కనుక గ్రాముకు తగిలిన దెబ్బ పెద్దది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1963లో, ఒక బాలిక గొంతులో తొలి గడ్డ కనబడింది. ఆనాటి పసిపిల్లల్లో ఎక్కువమందికి తరువాత అదే జరిగింది.

1957లో భయంలేదని చెప్పి వారిని మళ్ళీ రొంగెలాప్ చేర్చారు. తరువాత కొబ్బరి పీతల్లో స్ట్రాన్షియం ఉంది, తినవద్దన్నారు. వీరు మందివ్వడానికి వస్తున్నారా, మమ్మల్ని చూసి రాసుకోవడానికి వస్తున్నారా అని దీవివాసులకు అనుమానం కలిగింది. నా మటుకు నాకు అది న్యాయమైన అనుమానమే. 1985లో వారు తమంతట తామే దీవి విడిచి వెళ్ళారు.

అక్కడి కొబ్బరికాయల్లో చేరింది ముఖ్యంగా సీజియం–137. అది పట్టికలో ఏ వరుసలో ఉందో వెతికి, శరీరంలో ఏ మూలకంతో కలిసి తిరుగుతుందో చెప్పండి చూద్దాం.